కంది చేలో గంజాయి నూగు

మార్గశిరంలో పాలమూరు చెల్కల్లో పచ్చి కందికాయలు తెంపేవాళ్లకు ఒక సంగతి తెలుసు. బుట్ట నిండేసరికి వేళ్లకు జిడ్డు పడుతుంది, ఉత్త నీళ్లతో కడిగితే వదలదు. శనగ చేలో అయితే తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకును నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా తగులుతుంది. కందికి జిడ్డు, శనగకు పులుపు వచ్చేది ఒక్క చోటి నుంచే. అది కాయ మీద, ఆకు మీద ఉండే నూగు.

నూగు అంటే ఉత్త వెంట్రుకలే అనుకుంటాం గానీ కొన్నిటి కొసన కంటికి ఆనని గ్రంథి ఒకటి ఉంటుంది. శనగ గ్రంథులు మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలను ఊరిస్తాయి. తులసి వాసన, టమాట తోటలో పనిచేసినవాళ్ల చేతులకు అంటే పసుపుపచ్చ మరక, పొగాకు ఆకు బంక అన్నీ ఇలాంటి గ్రంథుల పనే. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ నూగు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కందిని, శనగను గుల్ల చేసే శనగపచ్చ పురుగును మొక్క తనంతట తాను ఎంతవరకు ఆపగలదన్నది వాళ్ల ప్రశ్న. కందికి బంధువైన కజానస్ స్కారబియోయిడెస్ అనే అడవి మొక్క కాయల మీద నూగు ఎంత ఒత్తుగా ఉంటుందంటే, అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పురుగు పిల్ల దాన్ని దాటుకుని కాయలోకి వెళ్లలేదు.

గంజాయి మొక్క కూడా ఈ విద్యే నేర్చుకుంది. అయితే దాని గ్రంథుల్లో ఊరే జిగురు మనిషి మెదడు మీద పనిచేస్తుంది. ఆ ఒక్క కారణంగా ఈ సూక్ష్మ గ్రంథి చుట్టూ సుంకాలు, చట్టాలు, చెక్‌పోస్టులు, ప్రయోగశాలలు పుట్టుకొచ్చాయి. మొక్క నుంచి విడిపోయి రాలిన ఈ గ్రంథుల పొడినే ప్రపంచంలో చాలాచోట్ల కీఫ్ అంటారు.

తెలంగాణలో గంజాయి మొక్కలు బయటపడేది ఎక్కువగా కంది, పత్తి సాళ్ల నడుమే. మనిషెత్తు పెరిగే కంది మంచి చాటు. 2021 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు గంజాయి పండించిన రైతుకు రైతుబంధు పెట్టుబడి సాయం ఆపేస్తామని ప్రకటించారు. కంది, గంజాయి రెండూ నూగుతోనే పురుగును ఎదుర్కొంటాయి. ఒకదాని గింజకు మద్దతు ధర ఉంది, మరోదాన్ని నాటితే పదేళ్ల దాకా జైలు ఉంది.

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ పూలలో జిగురు నామమాత్రం. ఆడ పూలగుత్తిలో ఒక్కో గింజను చుట్టి ఉండే చిన్న ఆకు తొడుగు మీదే గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి. పుప్పొడి తగిలి గింజ కట్టిందంటే మొక్క శక్తి అటు మళ్లుతుంది. 19వ శతాబ్దంలో బెంగాల్‌లోని నావ్‌గావ్ ప్రాంతంలో ప్రభుత్వ అనుమతితో గంజాయి సాగయ్యేది. అక్కడ చేను చేనుకూ తిరిగి మగ మొక్కలను ఏరి పీకేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఉండేవారు. ఆనాటి రికార్డుల్లో వాళ్లను ‘గంజాయి డాక్టర్లు’ అని రాశారు.

ఆ తొడుగును సూక్ష్మదర్శిని కింద పెడితే మూడు రకాల గ్రంథులు కనిపిస్తాయి. అన్నిటికన్నా చిన్నవి ఉబ్బెత్తు చుక్కల్లాంటివి, పది పదిహేను మైక్రాన్లకు మించవు. రెండో రకానికి కాడ ఉండదు, ఆకుకు అతుక్కునే ఉంటుంది. మూడోది కాడ మీద నిలబెట్టిన గాజు గోళీలా ఉంటుంది. దాని తల 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే సుమారు తల వెంట్రుక మందం. అసలు సరుకు ఎక్కువగా ఈ మూడో రకంలోనే. లేతగా ఉన్నప్పుడు తల స్వచ్ఛంగా ఉంటుంది, ముదిరేకొద్దీ తెల్లబారి, చివరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ బృందం 2020లో వీటి లోపలి కట్టడాన్ని విప్పి చూపింది. కాడ లేని గ్రంథి అడుగున కచ్చితంగా ఎనిమిది కణాల పళ్లెం ఉంటే, కాడ ఉన్నదానిలో పన్నెండు నుంచి పదహారు దాకా ఉంటాయి. అతినీలలోహిత కాంతి పడితే కాడ ఉన్నవి నీలంగా మెరుస్తాయి.

ఆ పళ్లెంలోని కణాలు తయారుచేసిన పదార్థం కణం లోపల ఉండదు. పైనున్న సన్నని పొరకూ కణాలకూ మధ్య ఖాళీ సంచిలో చేరి, పొర బుడగలా ఉబ్బుతుంది. బయట ఎందుకు దాచుకోవాలి? ఈ చిక్కుముడిని విప్పింది జపాన్ పరిశోధకులు. క్యుషు విశ్వవిద్యాలయంలో యుకిహిరో షొయామా బృందం 1990లలో గంజాయి మత్తుకు మూలమైన ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమును వేరుచేసింది. ఆ ఎంజైము పనిచేస్తున్నప్పుడు పక్కన హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుందని, తయారైన ఆమ్లం కూడా మొక్క కణాలను చంపుతుందని 2005లో తేలింది. అందుకే చివరి మెట్టు వంట కణం గోడ అవతల, సంచిలో జరుగుతుంది. తన విషంతో తానే చావకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. పురుగు కొరికినా, గాలికి రెండు కొమ్మలు రాసుకున్నా బుడగ పగులుతుంది, జిగురు బయటపడి అంటుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మొక్కలో ఎక్కువగా ఉండేది మత్తు పదార్థమైన టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్ల రూపం. ఆ ఆమ్లానికి మత్తు లేదు. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి, మిగిలిందే మత్తిచ్చే టీహెచ్‌సీ. పచ్చి ఆకు నమిలితే మత్తు అంతగా ఎక్కకపోవడానికీ, చిలుంలో నిప్పు పడ్డాక మనిషి తూలడానికీ తేడా ఈ ఒక్క అణువు కార్బన్ డయాక్సైడే.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం ప్రయోగశాలల కోసం వేసిన కైపుస్తకం అంకెలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆడ పూలలో టీహెచ్‌సీ 10 నుంచి 12 శాతం. ఆకుల్లో ఒకటి రెండు శాతం. కాండంలో 0.1 నుంచి 0.3 శాతం. వేర్లలో దాదాపు సున్నా. అంటే ‘గంజాయి మొక్కకు మత్తు’ అనే మాటే సగం తప్పు. మత్తు గ్రంథి తలలో ఉంది. ఆకు, కాండం దానికి మోతబరువు.

ఈ సంగతి రసాయనశాస్త్రం పుట్టకముందే జనానికి తెలుసు. ఎండిన పూలను కదిలిస్తే తలలు తెగి పొడిగా రాలతాయి. మొరాకోలోని రిఫ్ కొండల్లో, లెబనాన్ బెకా లోయలో, అఫ్గానిస్తాన్‌లో ఆ పొడిని జల్లించి, వత్తి ముద్ద చేయడం తరాలుగా ఉన్న పని. హిమాచల్ మలానాలో పద్ధతి వేరు. అక్కడ పచ్చి పూలను అరచేతుల మధ్య నలిపి, చేతికి అంటిన నల్లటి జిగురును గీకి తీస్తారు. మన దేశంలో రెండిటికీ చరస్ అనే పేరే స్థిరపడింది. 19వ శతాబ్దం చివర్లో పంజాబ్ బజార్లలో అమ్ముడైన చరస్‌లో ఎక్కువ భాగం మధ్య ఆసియాలోని యార్కండ్ నుంచి లేహ్ మీదుగా మంచు కనుమలు దాటి వచ్చేది. అది జల్లెడ పట్టిన పొడే.

బ్రిటిష్ వాళ్ల ఆబ్కారీ శాఖకు ఈ లెక్క బాగా ఒంటబట్టింది. నావ్‌గావ్ గంజాయిని మూడు రకాలుగా విడగొట్టారు. కొమ్మతో సహా తొక్కి చదును చేసింది ఒకటి, గుండ్రంగా చుట్టింది రెండోది, కొమ్మా పుల్లా లేకుండా రాలిన తునకలు, పొడి కలిసిన ‘చూర్’ మూడోది. మూడిటి మీదా సుంకం ఒకే రేటు కాదు. పుల్ల ఎక్కువున్నదానికి తక్కువ, చూర్‌కు అన్నిటికన్నా ఎక్కువ. తూకం చూసి కాక, తూకంలో జిగురెంతో అంచనా కట్టి పన్ను వేశారన్నమాట. టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేయడానికి ఇంకా డెబ్భై ఏళ్లు ఉంది!

ఈ వివరాలన్నీ 1893–94లో కూర్చున్న ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ సంపుటాల్లో ఉన్నాయి. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు, ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్షులను విచారించి ఏడు సంపుటాలు రాశారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో ‘గంజాయి వల్ల’ అని రాసి ఉన్న కేసులను ఒక్కొక్కటిగా తిరగదోడి, చాలావాటికి ఆధారమే లేదని, గుమాస్తా కారణం గడిలో ఏదో ఒకటి నింపాలి కనుక నింపాడని తేల్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదని, అతిగా వాడితే ఉందని, పూర్తి నిషేధం వద్దని వాళ్ల తీర్పు. ఇప్పటికీ గంజాయిని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ నివేదికనే చూపిస్తారు. అయితే ఆ సాక్షుల్లో ఎక్కువమంది మాట్లాడింది ఆకుతో చేసే భంగు గురించి, పుల్లతో కూడిన గంజాయి గురించి. నేటి పొడికీ, నూనెకూ ఆ తీర్పును అతికించడం న్యాయం కాదు.

ఇక రోడ్డు మీదికి వద్దాం. నల్లగొండ జిల్లాకు గంజాయి సమస్య పండించడం వల్ల కన్నా దాటిపోవడం వల్ల ఎక్కువ. విజయవాడ – హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి కోదాడ దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా రాజధాని చేరుతుంది. సరుకు బయలుదేరేది ఆంధ్ర – ఒడిశా సరిహద్దు కొండల్లో. చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు వైపు, అవతల మల్కన్‌గిరి, కోరాపుట్. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ భాగం అంతకుముందు విశాఖ ఏజెన్సీ. అక్కడి ‘శీలావతి’ రకానికి దేశమంతటా గిరాకీ ఉందని పోలీసులు చెబుతారు. గోధుమరంగు టేపు చుట్టిన పాకెట్లు లారీ కింద అదనంగా కట్టిన అరల్లో, కార్ల డిక్కీల్లో, కూరగాయల బస్తాల అడుగున కొర్లపహాడ్, పంతంగి టోల్‌ప్లాజాలు దాటాలి. ఆ తర్వాత కొంత హైదరాబాద్‌లో దిగుతుంది, మిగతాది ముంబయి వైపో, 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల, ఆలంపూర్ దాటి కర్ణాటక వైపో సాగిపోతుంది.

పట్టుబడ్డ ప్రతిసారీ డ్రైవరు దొరుకుతాడు, తోట దొరకదు. 2021లో నల్లగొండ ఎస్పీగా ఉన్న ఎ.వి. రంగనాథ్ ఈ గొలుసును వెనక్కి పట్టుకుపోవాలని తన బృందాలను నేరుగా విశాఖ ఏజెన్సీకి పంపారు. అక్టోబరు 17న లంబసింగి ఘాట్‌లో ఆ పోలీసుల మీద రాళ్లదాడి జరిగింది. పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు గాయపడ్డారు. రెండు రాష్ట్రాల రాజకీయాల్లో గంజాయి పతాక శీర్షిక అయింది. ఆ నెలాఖరుకే ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలుపెట్టి ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ సమక్షంలో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలుగా పోసి కాల్చారు.

రెండు లక్షల కిలోలు! ఆ కుప్పల్లో బరువెంత, జిగురెంత అని లెక్క వేస్తే గంజాయి రవాణా ఎందుకు రూపు మారుతోందో అర్థమవుతుంది. లారీలో పోయే ఎండు గంజాయిలో ఆకు, పుల్ల, గింజ కలిసే ఉంటాయి. పైగా గుప్పుమనే వాసన, అది కూడా గ్రంథుల్లోని టెర్పీన్లనే సుగంధ పదార్థాలదే. కుక్క పసిగడుతుంది, చోటు పడుతుంది, ఒక్క లారీ పట్టుబడితే పెట్టుబడి మొత్తం పోతుంది. అందుకే కొండల్లోనే జిగురును ద్రావకాలతో లాగి, ముదురు రంగు నూనెగా చేసి సీసాల్లో పంపడం పెరిగింది. హైదరాబాద్ పోలీసు ప్రకటనల్లో తరచూ కనిపించే ‘హాష్ ఆయిల్’ ఇదే. పేరు వేరైనా ఇదీ గ్రంథి సరుకే. కీఫ్‌లో గ్రంథి తల ఇంకా తలగానే ఉంటుంది, నూనెలో తల కూడా కరిగిపోతుంది. పుల్లతో బయలుదేరిన సరుకు పూవై, పొడై, నూనై, అంతకంతకూ చిన్న సంచిలోకి కుదించుకుపోతోంది.

దీన్ని చట్టం పట్టించుకోకుండా ఏమీ లేదు. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో కీఫ్ అనే మాట కనిపించదు. కానీ గంజాయి మొక్క నుంచి ‘వేరుచేసిన జిగురు’ ముడిదైనా శుద్ధి చేసిందైనా, ఏ రూపంలో ఉన్నా చరస్ అని, హాషిష్ నూనె కూడా అందులోకే వస్తుందని నిర్వచనం చెబుతుంది. గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొసలు. కొసలు తోడు లేని ఉత్త ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. 2001 సవరణతో వచ్చిన పరిమాణాల పట్టికలో గంజాయికి ‘చిన్న పరిమాణం’ ఒక కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. చరస్‌కు 100 గ్రాములు, ఒక కిలో.

దీని ఫలితం జేబులో సరుకున్నవాడికి తెలియకపోవచ్చు. ఒకడి దగ్గర 150 గ్రాముల ఎండు గంజాయి దొరికిందనుకుందాం. చిన్న పరిమాణం, గరిష్ఠంగా ఏడాది జైలు, పది వేల రూపాయల జరిమానా. పక్కవాడి దగ్గర అంతే బరువు పొడి దొరికితే అది చిన్న పరిమాణం దాటిపోయింది. పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పొడి ఒక కిలో దాటిందా, కనిష్ఠ శిక్షే పదేళ్లు, బెయిలు దొరకడమూ కష్టం. వందేళ్లకు పైగా కిందట ఆబ్కారీ వాళ్లు చూర్ మీద ఎక్కువ సుంకం వేసిన తర్కం ఇప్పుడు శిక్షాకాలంగా మారింది. అదే నిర్వచనం నిందితుడి తరఫు లాయరుకూ అక్కరకొస్తుంది. ‘పోలీసులు ఆకూ కాండం కలిపి తూచారు, పూల కొసలను విడిగా తూస్తే 20 కిలోలు ఉండదు’ అన్న వాదన హైకోర్టుల బెయిలు పిటిషన్లలో పరిపాటి.

ఆ సంచిలో ఉన్నది గంజాయేనని కోర్టుకు చెప్పాల్సింది ప్రయోగశాల. మేజిస్ట్రేటు సమక్షంలో తీసిన నమూనా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీకి చేరుతుంది. ఇలాంటి నమూనాకు ప్రపంచమంతటా చేసే మొదటి పని సూక్ష్మదర్శిని కింద పెట్టడమే. ఆకు పైభాగాన ఎలుగుబంటి గోరులా వంగిన పొట్టి వెంట్రుకలు, వాటి మొదట్లో కాల్షియం కార్బొనేట్ ముద్ద కనబడాలి. అడుగుభాగాన సన్నని పొడవాటి నూగు, వాటి నడుమ గ్రంథులు. రెండూ కలిసి కనిపిస్తే గంజాయి అనే అనుమానం బలపడుతుంది. తర్వాత రంగు పరీక్ష. నమూనా సారానికి డుకెన్వా కారకం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఊదారంగు వస్తుంది. దానికి క్లోరోఫాం పోసి కుదిపి ఉంచితే ఆ ఊదా కింది పొరలోకి దిగాలి. పొడి విషయంలో మొదటి పరీక్ష కాస్త ఇబ్బంది పెడుతుంది. శుద్ధమైన కీఫ్‌లో ఆకు వెంట్రుకలు తక్కువ, గ్రంథి తలలే ఎక్కువ. నూనెలో అయితే చూడటానికి ఏ ఆకారమూ మిగలదు. అప్పుడు క్రోమటోగ్రఫీ యంత్రమే గతి.

మిగతా సరుకు పోలీసు గోదాములో, మాల్‌ఖానాలో ఉంటుంది. 2022 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు చెప్పారు. కోర్టు రుజువు అడిగింది. ఎలుకల సంగతి ఎలా ఉన్నా, గాలి, వెలుతురు మాత్రం నిజంగానే తింటాయి. గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచితే టీహెచ్‌సీ మొదటి ఏడాదిలో సుమారు ఆరో వంతు, నాలుగేళ్లలో 40 శాతం దాకా తరిగి కానబినాల్ అనే మత్తు తక్కువ పదార్థంగా మారుతుంది.

ఈ చివికిపోయే గుణమే శాస్త్రవేత్తలను అరవై ఏళ్లకు పైగా తిప్పలు పెట్టింది. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు భారతదేశపు చరస్ నుంచి ఎర్రటి నూనె తీసి, అందులోనిదే అసలు మత్తు పదార్థమనుకుని దానికి కానబినాల్ అని పేరు పెట్టారు. వాళ్లకు చిక్కిన కానబినాల్ చాలావరకు పాతబడ్డ టీహెచ్‌సీ అవశేషం. అసలుది దొరికింది 1964లో, ఇజ్రాయెల్‌లో. రఫాయెల్ మెషూలమ్ అనే యువ రసాయన శాస్త్రవేత్తకు పరిశోధనకు సరుకు కావలసివచ్చింది. పోలీసులు జప్తు చేసిన అయిదు కిలోల లెబనాన్ హాషిష్‌ను తీసుకుని ఆయన బస్సెక్కారు. బస్సులో ఇదేం వాసన అని తోటి ప్రయాణికులు గొణుక్కున్నారని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పేవారు. లెబనాన్ హాషిష్ అంటే జల్లెడ పట్టి వత్తిన గ్రంథుల పొడే. యెహియెల్ గవోనితో కలిసి ఆయన టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి నిర్మాణం చెప్పింది ఆ ముద్ద నుంచే. గంజాయి రసాయనశాస్త్రం పూవుతో కాక కీఫ్‌తో మొదలైందనడం అతిశయోక్తి కాదు.

మొక్క జిగురు మన మెదడులో ఎక్కడ అతుకుతుందన్నది 1988లో తెలిసింది, 1990లో ఆ గ్రాహకం జన్యువు దొరికింది. సీబీ1 అనే ఈ గ్రాహకాలు జ్ఞాపకాన్ని నడిపే హిప్పోక్యాంపస్‌లో, కదలికలను దిద్దే సెరిబెల్లంలో దండిగా ఉన్నాయి. 1992లో మెషూలమ్ ప్రయోగశాలలోనే మన శరీరం సొంతంగా తయారుచేసుకునే, ఈ గ్రాహకానికి జోడీ అయిన అణువు దొరికింది. సంస్కృత ‘ఆనందం’ కలిపి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన ఆనందమైడ్ కొద్దిగా పుట్టి, పని కాగానే ఎంజైములకు చిక్కి విరిగిపోతుంది. టీహెచ్‌సీ అలా విరగదు, గంటల తరబడి అక్కడే ఉంటుంది. శ్వాసను నడిపే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు తక్కువ కనుక నల్లమందులాగా ఊపిరి ఆపేయదు. గంజాయి ‘సాధువైనది’ అనే పేరు రావడానికి ఈ వాస్తవం చాలావరకు కారణం. అంతమాత్రాన అది నిరపాయం కాదు.

పొడి చేరిందంటే మోతాదు అంచనా తప్పుతుంది. పూవులో పదో వంతున్న టీహెచ్‌సీ జల్లెడ పట్టిన పొడిలో మూడో వంతుకు, కొన్నిసార్లు ఇంకా పైకి చేరుతుంది. యూరప్, బ్రెజిల్‌లలో పదకొండు చోట్ల జరిపిన అధ్యయనాన్ని 2019లో మార్టా డి ఫోర్టి బృందం ప్రచురించింది. టీహెచ్‌సీ 10 శాతం దాటిన సరుకును రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ అనే తీవ్ర మానసిక రుగ్మత మొదలయ్యే అవకాశం ఎన్నడూ వాడనివాళ్లతో పోలిస్తే దాదాపు అయిదు రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. 1894 నాటి కమిషన్ ముందుకు వచ్చిన భంగు తాగే ముసలాయన ఈ లెక్కలోకి రాడు. ఇంటర్ చదువుతూ హాష్ ఆయిల్ పూసిన సిగరెట్ కాల్చేవాడు వస్తాడు. జిగురుకు అంటుకునే గుణం ఉంది కనుక కల్తీ కూడా దానికి బాగా అంటుతుంది. 2007లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బరువు కోసం గంజాయిలో సీసం పొడి కలిపారు, పదుల మంది యువకులు కడుపునొప్పితో ఆసుపత్రుల పాలయ్యాక గాని సంగతి బయటపడలేదు.

తిన్నప్పుడు కథ ఇంకో రకం. పొగ అయితే నిమిషాల్లో ఎక్కుతుంది, ఎక్కిందని తెలిసి ఆగుతారు. కడుపులోకి పోయిన టీహెచ్‌సీ కాలేయంలో మరింత చురుకైన మరో రూపానికి మారి, గంట రెండు గంటల తర్వాత మెదడుకు చేరుతుంది. ఏమీ కావట్లేదని ఇంకోటి తింటారు. 2024 జనవరిలో కొత్తూరులో జరిగింది గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్నా 2016 దాకా అది పాలమూరు మండలమే. అక్కడి ప్రభుత్వ పాఠశాల పిల్లలు కొందరు తరగతిలో వింతగా ప్రవర్తించడంతో టీచర్లు కూపీ లాగారు. దగ్గర్లోని పాన్ డబ్బాల్లో ఒడిశా నుంచి తెచ్చిన గంజాయి చాక్లెట్లు అమ్ముతున్నట్టు బయటపడింది. కూలీలు ఎక్కువగా ఉండే పారిశ్రామిక ప్రాంతం అది. పెద్దవాళ్ల కోసం తెచ్చిన సరుకు పిల్లల చేతికి చేరింది.

నిజానికి పాలమూరు, నల్లగొండ పల్లెల్లో డాక్టర్లను ఎక్కువ భయపెట్టే మత్తు గంజాయి కాదు, కల్తీ కల్లు. అందులో కలిపే ఆల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ పూర్తిగా వేరే దారిలో మెదడును నెమ్మదింపజేస్తాయి, హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వస్తాయి. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద విరుచుకుపడ్డప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ సహా పలుచోట్ల జనం వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. గంజాయి ఆపినవాడికి నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందగించడం రెండు మూడు వారాలు ఉంటాయి, అంతకన్నా ప్రాణం మీదికి రాదు. అయినా లారీ గంజాయికి వచ్చినంత పెద్ద శీర్షిక కల్లు కుండకు రాదు.

ఈ మొక్కను శాస్త్రం పూర్తిగా వెలివేయలేదు. అదే గ్రంథిలో ఊరే సీబీడీ అనే మరో పదార్థానికి మత్తు లేదు. చిన్నపిల్లల్లో వచ్చే రెండు మొండి రకాల మూర్ఛకు దానితో చేసిన మందును 2018లో అమెరికా అనుమతించింది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 1961 నాటి మాదకద్రవ్యాల ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి గంజాయినీ దాని జిగురునూ తీసేసింది. 27 దేశాలు అనుకూలం, 25 వ్యతిరేకం. అనుకూలంగా చేయెత్తినవాటిలో భారత్ ఒకటి. స్వదేశంలో మాత్రం చరస్‌కు గీసిన గీత 100 గ్రాముల దగ్గరే ఉంది.

ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం చేయగా 2019లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి ఉత్పత్తులు వాడినవాళ్లు సుమారు 3.1 కోట్లు. అందులో భంగు వాడేవాళ్లు ఎక్కువ, గంజాయి, చరస్ వాడేవాళ్లు 1.3 కోట్లు. వాడకం ముదిరి సాయం అవసరమైనవాళ్లు 72 లక్షలు. వీళ్లలో చాలామందికి కేసు భయం. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఒకటి ఉంది. చిన్న పరిమాణంతో లేదా వాడకంతో పట్టుబడ్డ బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు ఒప్పుకుంటే కేసు నడవదు, చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఠాణాల్లో దీని ఊసు అరుదుగా వస్తుంది. ఫోన్‌లో అడగాలనుకునేవాళ్లకు 14446 అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది. హైదరాబాద్ దాకా రాగలిగినవాళ్లకు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, జిల్లాల్లో పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగం.